నాలుగో మైకు కింద నవ్వు

"గొడుగుల కొట్టు" అనే టీవీ హాస్య ధారావాహిక మొదటి భాగం రికార్డు చేసిన ఆదివారం సాయంత్రం ఇంగ్లండులోని లీడ్స్ స్టూడియోలో గదిని వెచ్చబెట్టే గొట్టాలు మొరాయించాయి. 1971 నవంబరు నెల. మూడు వందల మంది ప్రేక్షకులు కోట్లు విప్పకుండా, చేతులు చంకల్లో దూర్చుకుని కూర్చున్నారు. పైన అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్న ఆర్నల్డ్ హోల్‌రాయిడ్‌కి వాళ్ళ దగ్గులూ తుమ్ములూ తప్ప ఇంకేమీ వినబడటం లేదు.

నటుల మాటలు పట్టుకోవడానికి వేరే మనిషి ఉన్నాడు. ప్రేక్షకుల నవ్వు పట్టుకోవడం ఆర్నల్డ్ పని. జనం తలల మీదుగా ఆరు మైకులు వేలాడదీసి, ఏ వరసలో నవ్వు పుడుతుందో ఆ మీట పైకి తోసి, ఎక్కడ చల్లారుతుందో అక్కడ కిందికి దించుతూ ఉండాలి. ఆ సాయంత్రం మొదటి పది నిమిషాలూ అతని వేళ్ళకు పనే పడలేదు. వెనక కూర్చున్న నిర్మాత హంఫ్రీ అప్పటికే మూడోసారి పైపు వెలిగించుకున్నాడు. పొగాకు అయిపోయిన పైపునే మళ్ళీ వెలిగిస్తున్నాడని అతనికి తెలియదు.

కథ పెద్దదేమీ కాదు. ఎప్పుడూ వాన కురిసే ఊళ్ళో ఒక అక్కా తమ్ముడూ తండ్రి వదిలి వెళ్ళిన గొడుగుల దుకాణం నడుపుతుంటారు. అంత వానలోనూ ఒక్కడూ గొడుగు కొనడు. తమ్ముడు ఆంబ్రోస్‌గా డగ్లస్ పెవరిల్, అక్క హార్టెన్స్‌గా మ్యూరియల్ డే. రాసినవాడు లెనర్డ్ ఫిస్క్. అతను తెర వెనక నిలబడి తన గోళ్ళు తనే కొరుక్కుంటున్నాడు.

అప్పుడు తడిసి ముద్దయిన ఒక పెద్దమనిషి దుకాణంలోకి వచ్చాడు. కొనడానికి కాదు, వాన తగ్గేదాకా తలదాచుకోవడానికి. ఆంబ్రోస్ మర్యాదగా గొడుగు తెరిచి అతని తల మీద పట్టాడు, ఎందుకంటే దుకాణం కప్పు కూడా కారుతోంది. "బయటే నయమండీ," అన్నాడు. "అక్కడ తడిస్తే అద్దె కట్టక్కర్లేదు."

నాలుగో మైకులో ఎవరో గుక్కపట్టారు. ఆర్నల్డ్ ఉలిక్కిపడి మీట మీద చెయ్యేశాడు. ఎవరికైనా గుండెనొప్పి వచ్చిందేమో అనుకున్నాడు. ఆ గుక్క సాగి సాగి, కెటిల్ కూత పెట్టే ముందు ఆగినట్టు ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత బద్దలైంది. దడి దూకి పారిపోతున్న కోడిపెట్ట అరుపులాంటి నవ్వు, దాని వెనకే ఇంకోటి, చివర్న "అయ్యో రామరామ" అనుకుంటున్నట్టు ఒక ఆడమనిషి మూలుగు. ఆ నవ్వుకి పక్కవాళ్ళు నవ్వారు. వాళ్ళని చూసి వెనక వరసలు నవ్వాయి. రెండు నిమిషాల్లో జనం కోటు బొత్తాలు విప్పుకోవడం మొదలుపెట్టారు.

డగ్లస్ అప్పటికి ఇరవై ఏళ్ళుగా రంగస్థలం మీద ఉన్నవాడు. ఆ నవ్వు ఎటువైపు నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకుని, మిగిలిన భాగమంతా అటువైపే ఆడాడు.

పైఅధికారులు ఆరు భాగాలకు ఒప్పుకున్నారు. ఆరు పన్నెండయ్యాయి, పన్నెండు అరవై అయ్యాయి. కరెంటు కోతల చలికాలంలో జనరేటరు పెట్టి తీశారు. ఇళ్ళలోకి రంగుల టీవీలు వచ్చినప్పుడు గొడుగులన్నీ కొత్తవి కొన్నారు. రెండుసార్లు దర్శకులు మారారు. నాలుగో మైకు కింద నవ్వు మాత్రం మారలేదు. లీడ్స్ పక్కనే ఉన్న మోర్లీలో కోట్లు కుట్టే ఒక ఫ్యాక్టరీ ఆడవాళ్ళు ఆదివారాలు బస్సు కట్టించుకుని వస్తారనీ, ఆ నవ్వు వాళ్ళలో ఎవరిదోననీ ఆర్నల్డ్‌కి తెలుసు. అంతకు మించి తెలియదు. అద్దాల గదిలోంచి చూస్తే కనిపించేవి టోపీలు, జుట్టు ముడులు మాత్రమే.

కానీ ఎవరికీ చెప్పని పని ఒకటి చేశాడు. రికార్డింగు అయిపోయాక, బాగున్న నవ్వుల్ని ఇంకో టేపు మీదకి ఎక్కించుకుని సొరుగులో దాచుకున్నాడు. డబ్బా మీద "నాలుగో మైకు" అని రాశాడు. మనసు బాగోలేని రోజున తలుపు వేసుకుని రెండు నిమిషాలు విని, మళ్ళీ సొరుగులో పెట్టేసేవాడు.

1979 జనవరిలో ఆ నవ్వు రాలేదు.

మొదటి ఆదివారం ఎవరూ పట్టించుకోలేదు. రెండో ఆదివారం డగ్లస్ దృశ్యం మధ్యలో ఆగి, చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని జనంలోకి చూశాడు. మూడో ఆదివారం రికార్డింగు కాగానే అద్దాల గది మెట్లెక్కి వచ్చాడు. ముఖాన రంగు ఇంకా తుడుచుకోలేదు.

"ఏదయ్యా మన కోడిపెట్ట?" అన్నాడు.

"మోర్లీ బస్సు వచ్చింది. ఆమె రాలేదు," అన్నాడు ఆర్నల్డ్.

"జబ్బు పడిందా? పోయిందా? నువ్వు కనుక్కోలేదా?"

"పేరు తెలియదు డగ్లస్."

"ఏడేళ్ళ బట్టీ ఆమె మీద బతుకుతున్నాం, పేరు తెలియదా? చూశావుగా ఇవాళ. ఆ పొట్టి జోకు వేసి నేను నిలబడ్డాను. ఒక్కడు నవ్వలేదు. నా బూట్ల చప్పుడు నాకే వినబడింది."

డగ్లస్ చెప్పిన పొట్టి జోకు హార్టెన్స్ ముఖం మీద వేసింది. వాన ఎప్పటికి ఆగుతుందని అక్క అడిగితే, "నువ్వు ఒకసారి తల బయట పెట్టు, నీ ముఖం చూసి అదే ఆగుతుంది," అంటాడు ఆంబ్రోస్. అంతే. అక్కడితో దృశ్యం అయిపోతుంది. ఆ చోట జనంలో చిన్న సణుగుడు తప్ప ఏమీ రాలేదు.

డగ్లస్ వెళ్ళిపోయాక హంఫ్రీ గొంతు సవరించుకున్నాడు. "ఆర్నల్డ్, నీ సొరుగులో ఏదో టేపు ఉందని విన్నాను."

ఆర్నల్డ్ చెవులు ఎర్రబడ్డాయి. "అది నా సొంతానికి."

"ఒక్క చోట. ఆ పొట్టి జోకు దగ్గర. మళ్ళీ అడగను."

ఆర్నల్డ్‌కి ఇష్టం లేదు. అయినా ఆ వారం టేపు తీసి, మంచి నవ్వు ఒకటి ఎంచి, అతుకు తెలియకుండా అతికించాడు. పని బాగా కుదిరింది. కుదిరినందుకు కొంచెం గర్వపడ్డాడు కూడా. మూడు వారాల తర్వాత శుక్రవారం రాత్రి ఆ భాగం ప్రసారమైంది.

సోమవారం స్టూడియోకి ఒక ఉత్తరం వచ్చింది. గీతల కాగితం మీద గుండ్రటి చేతిరాత. హంఫ్రీ దాన్ని చదివి, ఆర్నల్డ్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"అయ్యా, నేను క్రిస్మస్ తర్వాత మీ స్టూడియోకి రాలేదు. శుక్రవారం మా ఇంట్లో కూర్చుని మీ కార్యక్రమం చూస్తుండగా అందులో నేను నవ్వడం విన్నాను. నేను నవ్వలేదు. నేను అక్కడ లేను. ఉన్నా ఆ జోకుకి నవ్వేదాన్ని కాదు. మా ఆయన కూడా సాక్ష్యం చెబుతాడు. దయచేసి నా నవ్వు తీసెయ్యండి. ఇట్లు, బెరిల్ ఆక్రాయిడ్." కింద మోర్లీ చిరునామా ఉంది.

ఆర్నల్డ్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. సిగ్గుతో అరికాళ్ళ దాకా వేడెక్కిపోయింది. పర్సు కొట్టేస్తూ పట్టుబడినవాడికి ఇలాగే ఉంటుందేమో అనిపించింది. దాంతోపాటే ఇంకో ఆలోచన కూడా వచ్చింది: ఆమెకో పేరు ఉంది, బతికే ఉంది. కోటు వేసుకుని బస్సెక్కాడు.

మోర్లీలో ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ ఇళ్ళ వరసలో అది చివరి ఇల్లు. తలుపు తీసిన ఆమెకి అరవై ఏళ్ళు ఉంటాయి. చిన్న మనిషి, పెద్ద ఏప్రను. పెదాలు బిగించి నిలబడింది.

"నేను స్టూడియో నుంచి వచ్చానండీ, మిసెస్ ఆక్రాయిడ్. మీ నవ్వు దొంగిలించింది నేనే," అన్నాడు ఆర్నల్డ్. దారి పొడుగునా వేరే మాటలు సిద్ధం చేసుకున్నాడు గానీ, నోట్లోంచి ఇవి వచ్చాయి.

ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "కాళ్ళు తుడుచుకుని లోపలికి రా. టీ పొయ్యి మీద ఉంది."

వంటింటి బల్ల దగ్గర టీ పోసి, అల్లం కేకు ముక్క ముందు పెట్టింది. మాట్లాడేటప్పుడు చెయ్యి మాటిమాటికీ నోటికి అడ్డం పెట్టుకుంటోంది. పెరట్లో పావురాల గూళ్ళ దగ్గర ఆమె భర్త ఎర్నెస్ట్ బకెట్టుతో నిలబడి, కిటికీలోంచి లోపలికి చూస్తున్నాడు.

"ఎలా పోల్చారండీ? అతుకు ఎక్కడా తెలియకుండా చేశాను," అన్నాడు ఆర్నల్డ్.

"అతుకు సంగతి నాకేం తెలుస్తుంది నాయనా. అది ఆంబ్రోస్ మేయర్ టోపీ మీద కూర్చున్నప్పటి నవ్వు. రెండేళ్ళ కిందటిది. అప్పుడు నాకు జలుబు. చివర్న ముక్కు చీదాను, విన్లేదా?"

ఆర్నల్డ్ విన్నాడు. వందసార్లు విన్నాడు. అది ముక్కు చీదడమని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"రావడం ఎందుకు మానేశారు? డగ్లస్ మీ కోసం వెతుకుతున్నాడు."

ఆమె చాలాసేపు చెంచా తిప్పింది. సమాధానం కిటికీ బయటి నుంచి వచ్చింది. "పళ్ళు," అన్నాడు ఎర్నెస్ట్.

"నువ్వు నీ పావురాల సంగతి చూసుకో," అంది బెరిల్. తర్వాత ఆర్నల్డ్ వైపు తిరిగింది. "సరే, ఆయన అననే అన్నాడు. డిసెంబరులో ఉన్న పళ్ళన్నీ పీకించి కొత్త సెట్టు పెట్టించుకున్నాను. తినడానికి బాగానే ఉంది. మేనల్లుడి పెళ్ళిలో ఎవరో ఏదో అన్నారు, నేను నవ్వాను. పై వరస ఎగిరిపోయి పాదిరిగారి గిన్నెలో ట్రైఫిల్ మిఠాయి మీద పడింది. ఆయన పాపం చూడనట్టే ఉండి, పక్కనుంచి తిన్నాడు. ఆ రోజే అనుకున్నాను, ఇక నలుగురిలో నవ్వకూడదని."

ఆర్నల్డ్ కేకు ముక్క నోట్లో పెట్టుకుని ఉన్నాడు. నవ్వకూడదని గట్టిగా ప్రయత్నించాడు. కేకు పొడి బల్ల మీద పడింది.

"నవ్వు నాయనా, నవ్వు. నీ పళ్ళు నీవేగా," అంది ఆమె.

"ఇంట్లో నవ్వుతుంది," అన్నాడు ఎర్నెస్ట్ బయటినుంచి. "నవ్విందంటే రెండు రోజులు పావురాలు గుడ్డు పెట్టవు."

ఆర్నల్డ్ మూతి తుడుచుకుని, అడగాలనుకున్నది అడిగాడు. "ఉన్నా నవ్వేదాన్ని కాదని రాశారు. ఆ జోకులో ఏం తప్పుంది?"

బెరిల్ ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయింది. "హార్టెన్స్‌కి ఏమైంది చెప్పు. మొదట్లో ఆంబ్రోస్ ఒకటంటే ఆమె రెండు అంటించేది. అందుకే నాకు అంత నవ్వొచ్చేది. వాడు కొడతాడు, ఆమె తిరిగి కొడుతుంది, వాడి ముఖం చూడాలి అప్పుడు. ఈ మధ్య ఆమెకి తిరిగి ఒక్క మాట ఇవ్వడం లేదు. నోరు మూసుకుని నిలబెడుతున్నారు. ఫ్యాక్టరీలో మా ఫోర్‌మన్ కూడా అలాగే మాట్లాడతాడు నాతో. దానికి నేను వారమంతా నవ్వడం లేదు, ఆదివారం బస్సెక్కి వచ్చి నవ్వుతానా?"

టీ చల్లారిపోయింది.

"నా నవ్వు తీసేస్తావా, తియ్యవా?" అంది ఆమె.

శుక్రవారం భాగాన్ని బుధవారం మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు. "బుధవారం చూడండి," అన్నాడు ఆర్నల్డ్.

హంఫ్రీని అడిగితే వద్దంటాడని తెలుసు. అందుకే అడగలేదు. మంగళవారం పొద్దున తనొక్కడే కూర్చుని, అతికించిన నవ్వును కత్తిరించి, ఆ చోట ఆ రోజు జనంలోంచి వచ్చిన సణుగుడునే మళ్ళీ పెట్టాడు. బుధవారం మధ్యాహ్నం, దేశమంతా ఇస్త్రీ చేసుకుంటూ చూసే వేళ, ఆంబ్రోస్ అక్క ముఖం మీద జోకు వేసి నిలబడ్డాడు. ఏమీ జరగలేదు. ఎక్కడో ఎవరో దగ్గారు.

గురువారం రిహార్సల్ గదిలోకి లెనర్డ్ ఫిస్క్ పిడుగులా వచ్చిపడ్డాడు. డగ్లస్, మ్యూరియల్ అప్పుడే స్క్రిప్టులు తెరుస్తున్నారు.

"నా జోకు మీద నవ్వు ఎవడు తీశాడు?"

"నేనే," అన్నాడు ఆర్నల్డ్.

"ఎవరిని అడిగి?"

"పెట్టేటప్పుడు కూడా నిన్నెవరూ అడగలేదు లెనర్డ్. తీసేటప్పుడు మాత్రం ఆ నవ్వు గలామె అడిగింది." ఇంత పొడుగు మాట ఆర్నల్డ్ ఆ గదిలో ఎప్పుడూ మాట్లాడలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని భయమేసి కొనసాగించాడు. "అది రికార్డు చేసిన రోజే పేలలేదు. మనం పైన గుడ్డ కప్పాం. హార్టెన్స్‌కి తిరిగి మాట ఇవ్వడం లేదు కాబట్టే నవ్వు రావడం లేదని ఆమె అంది. నాకూ అలాగే అనిపించింది. ఆమె నవ్వుల టేపు సంవత్సరం వారీగా నా దగ్గరుంది. రెండేళ్ళుగా నవ్వు పొట్టిదైపోతోంది."

లెనర్డ్ చేతిలోని స్క్రిప్టు బల్ల మీద పడేశాడు.

మ్యూరియల్ అల్లుతున్న ఉన్ని పక్కన పెట్టింది. "రెండేళ్ళుగా నేనూ అదే అంటున్నాను లెనర్డ్. నాకింకా కరిచే పళ్ళున్నాయి, నువ్వే వాడనివ్వడం లేదు."

ముందు డగ్లస్ నవ్వాడు. తర్వాత లెనర్డ్ కుర్చీలో కూలబడి, ఇంతసేపు బిగబట్టిన ఊపిరి వదిలాడు. "మొదట్లో మీ ఇద్దరి మాటా రాత్రంతా కూర్చుని తూచేవాణ్ణి," అన్నాడు నెమ్మదిగా. "తర్వాత ఏం రాసినా ఆవిడ నవ్వేది. నవ్వు వస్తోంది కదా అని తూచడం మానేశాను. ఆవిడే నన్ను చెడగొట్టింది."

"అయితే ఆ మాట వెళ్ళి ఆమెతోనే చెప్పు. నా మీదెందుకు అరుస్తావు," అన్నాడు ఆర్నల్డ్.

లెనర్డ్ స్క్రిప్టు తీసుకుని మూలకి వెళ్ళి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా లేవలేదు. మధ్యలో రెండుసార్లు మ్యూరియల్‌ని పిలిచి, "నువ్వయితే ఏమంటావు వాణ్ణి?" అని అడిగాడు. రెండోసారి ఆమె చెప్పినదాన్ని రాయడానికి వీల్లేదన్నాడు గానీ, అందులోంచే ఒక మాట దొరికిందన్నాడు.

ఆర్నల్డ్ ఆ సాయంత్రమే మోర్లీకి కార్డు రాశాడు. నవ్వు తీసేశానని, హార్టెన్స్ తిరగబడబోతోందని, ఆదివారం వస్తే ఆమెకి ఎదురుగా మనుషులెవరూ లేని చోట సీటు ఉంచుతానని రాశాడు. ఆ సీటు కోసం పెద్ద కెమెరా పక్కన వరస చివర ఒక కుర్చీ వేయించి, నాలుగో మైకును తాడుతో అడుగున్నర పక్కకి లాగి కట్టాడు.

ఆదివారం మోర్లీ బస్సు దిగిన ఆడవాళ్ళలో ఆఖరున బెరిల్ దిగింది. ఎర్నెస్ట్ కూడా వచ్చాడు. పావురాలకు ఈ వారం ఎలాగూ మనశ్శాంతి ఉండదు, తనైనా సరదా చూస్తానన్నాడు. ఆమె తన కుర్చీలో కూర్చుని, అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగి పళ్ళ సెట్టు తీసి చేతిరుమాలులో చుట్టి, సంచీలో వేసి గట్టిగా క్లిప్పు పెట్టింది. అద్దాల గదిలోంచి ఆర్నల్డ్ మొదటిసారి ఆమె ముఖం చూస్తూ మీట మీద వేలు పెట్టాడు.

మొదటి దృశ్యం సగంలో ఆంబ్రోస్ ఎప్పటిలాగే అక్క మీద ఒకటి విసిరాడు. గొడుగులు తుడుస్తున్న హార్టెన్స్ తల ఎత్తకుండానే అంది: "నాన్న చనిపోయేటప్పుడు దుకాణం నాకు, తెలివి నీకు ఇద్దామనుకున్నాడు. దుకాణం ఒక్కటే మిగిలిందట."

నాలుగో మైకులో గుక్క పట్టిన చప్పుడు. ఆర్నల్డ్ కూడా ఊపిరి బిగబట్టాడు. బద్దలైన నవ్వు అతను దాచుకున్న టేపులోది కాదు. దడి దూకే కోడిపెట్ట లేదు. పళ్ళ అడ్డు లేని నోట్లోంచి గాలి, నవ్వు కలిసి "ఫూ ఫూ" అంటూ, కొలిమి తిత్తి ఊదినట్టు వచ్చింది. డగ్లస్ ఆ శబ్దం గుర్తుపట్టలేక, చేతిలో గొడుగుతో బొమ్మలా నిలబడిపోయాడు. ఏడెనిమిది సెకన్లు అలాగే ఉన్నాడు. అక్క మాటకి తమ్ముడు నిజంగానే కొయ్యబారిపోయాడనుకుని జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వులకి బెరిల్ రెండో విడత అందుకుంది. అప్పుడు గానీ డగ్లస్‌కి తెలియలేదు ఆమె ఎవరో. అతని ముఖం వెలిగిపోయింది. తను చెప్పాల్సిన తర్వాతి మాట మర్చిపోయాడు. లెనర్డ్ తెర వెనక నుంచి అందించాడు. ఆ తడబాటు కూడా తీసెయ్యవద్దన్నాడు హంఫ్రీ.

రికార్డింగు అయిపోయాక డగ్లస్ వేషంతోనే కిందికి దిగి వచ్చి బెరిల్ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆమె అప్పటికి పళ్ళు పెట్టుకుంది.

"ప్రతి వారం రావాలి మీరు," అన్నాడు. "కారు పంపిస్తాం."

హంఫ్రీ వెనకనుంచి, "కావాలంటే చిన్న జీతం కూడా ఏర్పాటు చేస్తాం," అన్నాడు.

"జీతం వద్దు బాబూ," అంది బెరిల్. "జీతం తీసుకుంటే నవ్వొచ్చినా రాకపోయినా నవ్వాలి. నేను బస్సులో వస్తాను. నవ్వొస్తే నవ్వుతాను."

లెనర్డ్ అప్పటిదాకా కొంచెం దూరంలో నిలబడి ఉన్నాడు. దగ్గరికొచ్చి టోపీ తీశాడు. సిగరెట్టు పెట్టె తిరగేసి పెన్సిలు పట్టుకున్నాడు. "ఇవాళ మీకు నవ్వు రానివి ఎక్కడెక్కడ?"

బెరిల్ ఆర్నల్డ్ వైపు చూసింది. చెప్పమన్నట్టు అతను తల ఊపాడు.

"నాలుగున్నాయి," అంది ఆమె. ఒక్కొక్కటీ చెప్పింది, ఎందుకో కూడా చెప్పింది. లెనర్డ్ మొదటిదానికి వాదించాడు, రెండోదానికి గొణిగాడు, మూడోదీ నాలుగోదీ మాట్లాడకుండా రాసుకున్నాడు. బయట బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఎర్నెస్ట్ ఆమె సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఐదోది కూడా ఒకటుంది," అంది బెరిల్ కోటు బొత్తాలు పెట్టుకుంటూ. "అది ఇంటికెళ్ళి ఆలోచిస్తే నవ్వొస్తుందేమో తెలియదు. వచ్చే ఆదివారం చెప్తాను."

లెనర్డ్ ఆమెతోపాటే బస్సు దాకా నడిచాడు. మెట్టు ఎక్కుతున్నప్పుడు కూడా, ఆ ఐదోది ఏదో కనీసం ఏ దృశ్యంలోదో చెప్పమని బతిమాలుతూనే ఉన్నాడు.